బూడిదరంగు దారం

"ఇంకాస్త నొక్కండి సార్. మీ బరువంతా వేసేయండి, దాని మీద జాలి పడకండి," అన్నాడు మేస్త్రి.

పొడుగాయన సైకిల్ హ్యాండిల్ మీద ఛాతీ ఆనించి వేలాడాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు, లోపలి గాలి తీసేసి ఉండటంతో, అడుగంటా కుంగింది. ముందు చక్రం విప్పేసి ఉంది. అది ఉండాల్సిన చోట, ఒక సైజు పెద్ద చక్రంలో సగం ఎత్తుకి కోసిన చెక్కపుల్ల నిలబెట్టి పట్టుకున్నాడు మేస్త్రి. ఆ పుల్ల కొసకీ, ఫోర్కు పైనుండే అడ్డకమ్మికీ మధ్య వేలు దూరితే పెద్ద చక్రం వేయొచ్చు. దూరకపోతే సైకిల్ని ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు. రాళ్ల దారిలో దూకినప్పుడు టైరు ఆ కమ్మికి తగిలిందా, చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, మనిషి ముందుకెళ్లి పడతాడు.

మేస్త్రి సందులో చూపుడు వేలు పెట్టాడు. పెట్టిన సంగతి వేలికి తెలియలేదు. తల వంచి కళ్లతో చూసుకున్నాడు. వేలు సందులోనే ఉంది, అటూ ఇటూ కదులుతోంది కూడా.

"దూరింది సార్. పని జరుగుతుంది."

పొడుగాయన చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. ఆయన ఏం ఉద్యోగం చేస్తాడో వీధిలో ఎవరికీ తెలీదు గానీ, సెలవు దొరికితే ఈ పాత గేర్ల సైకిలేసుకుని కొండదారుల్లో పడి మోకాళ్లు చీరుకొస్తాడని అందరికీ తెలుసు. కొత్తది కొనుక్కోండి మహాప్రభో అని షాపు యజమాని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ముందు పెద్ద చక్రం వేసి, వెనక ఉన్న చిన్న చక్రమే ఉంచి దీన్నే మార్చమంటాడు.

"రెండూ ఒకటే సైజు లేకపోతే బండి బండిలా ఉండదంటున్నాడు మీ యజమాని. నిజమేనా?"

"ముందుది పెద్దదైతే రాయి మీదకి తేలిగ్గా ఎక్కేస్తుంది సార్. వెనకది చిన్నదైతే మలుపులో చెప్పిన మాట వింటుంది. ముందు కాస్త ఎత్తు లేస్తుంది కాబట్టి హ్యాండిల్ దించి, సీటు ముందుకి జరుపుతాను. రిమ్ముని పట్టుకునే బ్రేకు రబ్బర్లు మాత్రం ఇక అందవు. ఫోర్కుకి డిస్కు బ్రేకు తగిలించే చెవులున్నాయి, మీ అదృష్టం."

పక్క షాపులో తాళాలు చేసే ఆయన తల బయటికి పెట్టాడు. "ఏం మేస్త్రీ, ముందుది మామగారూ, వెనకది అల్లుడూనా?"

"అవును. ఇద్దరికీ పడేలా చూడ్డమే నా పని," అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, చెయ్యి జేబులో పెట్టుకుని.

పని జరుగుతుందని చెప్పడమైతే చెప్పేశాడు. ఎలా జరుగుతుందో అతనికే తెలీదు. కొత్తగా వచ్చే పెద్ద చక్రాల ఇరుసు లావు, ఈ పాత ఫోర్కులో పట్టదు. చక్రం నడుమ ఉండే హబ్బు, డిస్కు పట్టే పాతది ఒకటి తీసుకుని, దానికి పెద్ద రిమ్ము పెట్టి, స్పోకులు ఒక్కొక్కటే ఎక్కించి చేత్తో అల్లాలి. ఒకప్పుడు ఇలాంటి పనంటే అతనికి పండగ. ఇప్పుడు వేళ్ల చివరలు మొద్దుబారిపోయాయి. నరాల జబ్బని, ఇక ఇంతేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. బోల్టులు బిగించడం, టైర్లు మార్చడం వరకూ కంటితో నెట్టుకొస్తున్నాడు. స్పోకు మర ఎంత బిగిసిందో మాత్రం కంటికి కనపడదు.

ఈ సంగతి షాపులో తెలియకూడదు. కిందటేడు రంగులు వేసే ముసలాయనకి చూపు తగ్గిందని తెలిసినప్పుడు, యజమాని ఎంతో మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. మళ్లీ రమ్మనలేదు. మేస్త్రి కూర్చునే ఎత్తు పీట, దాని ముందు నూనె మరకల బల్ల, బల్ల పైన వరసగా వేలాడే పానాలు. అవి లేకపోతే తను పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలీదు.

"ఈ చక్రం ఇంటి దగ్గర చేసుకొస్తాను సార్," అన్నాడు యజమానితో, వారం చివర షాపు మూసేటప్పుడు. "ఇక్కడ గోల. స్పోకుల చప్పుడు వినపడదు."

"నీ ఇష్టం మేస్త్రీ. చెయ్యి తిరిగినవాడివి, నీకు నేను చెప్పాలా," అంటూ యజమాని, అమ్ముడుపోయిన ఇంకో సైకిల్ని హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా అరచేత్తో ఒకసారి నిమిరి బయటికి పంపాడు. ఏ బండినీ అలా నిమరకుండా గడప దాటనివ్వడు.

*

మర్నాడు షాపుకి సెలవు. మేస్త్రి భార్య కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో బూడిదరంగు ప్యాంట్ల అంచులు విప్పుతోంది. బట్టలు బాగుచేయడం ఆమె పని. పొట్ట పెరిగినవాళ్లకి వదులు చేస్తుంది, చిక్కినవాళ్లకి బిగిస్తుంది, ఎవరికీ ఆ సంగతి బయట చెప్పదు.

మేస్త్రి నేల మీద గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. ఒళ్లో రిమ్ము, పక్కన స్పోకుల కట్ట, తుడిచిపెట్టిన పాత హబ్బు. మొదటి స్పోకు హబ్బు కన్నంలోంచి దూరింది. దాని చివర మర ఎక్కించబోతే మర జారి గోనెపట్టా మీద పడింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. మూడోసారి అది మంచం కిందకి దొర్లిపోయింది. మేస్త్రి స్పోకుని గోడకేసి కొట్టాడు.

మిషను ఆగింది.

"ఇటివ్వండి," అందామె.

"ఇది గుడ్డ కాదు."

"కాదని తెలుసు. చిరగదుగా. ఇవ్వండి."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. అతను చెప్పాడు, ఆమె చేసింది. ఒక స్పోకు పైనుంచి, పక్కది కిందనుంచి. రెండు దాటించి మూడోదాని కింద దూర్చడం. మరలు అన్నీ ముందు వదులుగా, సమానంగా. మొదట్లో అతను ప్రతిదానికీ కసురుకున్నాడు. "అటు కాదే. అటు కాదంటుంటే." ఆమె చేస్తున్న పని ఆపి, అతను నోరు మూసేదాకా కిటికీలోంచి బయటికి చూసేది. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టేది. పొద్దెక్కేసరికి కసురుకోవడానికి అతనికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

అల్లిక అయ్యాక చక్రాన్ని షాపునుంచి తెచ్చిన స్టాండుకి ఎక్కించారు. బెండు తీయడం అసలు పని. తిరుగుతున్న రిమ్ము, స్టాండుకి రెండు వైపులా ఉన్న సూదులకి ఎక్కడా రాసుకోకూడదు. రాసుకున్న చోట ఒకవైపు స్పోకు మరని పావు చుట్టు బిగించి, రెండో వైపుది పావు చుట్టు వదలాలి. ఆ తర్వాత గోరుతో మీటి చూడాలి. ఒక వైపువన్నీ ఒకే స్వరం పలకాలి. డిస్కు వైపువి కాస్త పై స్వరంలో పలకాలి.

"ఎక్కడ మొదలుపెట్టావో గుర్తుండాలి. గాలి కొట్టే కన్నం చూసుకో, అదే గుర్తు," అన్నాడు.

"ఆ కన్నం నా కంటికి ఆనడం లేదు," అని ఆమె మిషను దగ్గరున్న దారపు ఉండ అందుకుని, చిన్న ముక్క పళ్లతో తెంపి, మొదటి స్పోకుకి హబ్బు దగ్గరగా ముడి వేసింది. "ముందు గుర్తుకి కచ్చా కుట్టు వేసుకోకుండా నాకు చెయ్యి సాగదు."

మరలు బిగించే స్పోకు కీ తిప్పుతూ, చెవి దగ్గర పెట్టి మీటుతూ, ఆమె ఆ చక్రం చుట్టూ ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో. దారం ఎంత బిగువులో ఉంటే కుట్టు ముడుచుకోదో, ఎంత బిగువు దాటితే తెగుతుందో ఆ చెవికి ఎప్పట్నుంచో తెలుసు. మేస్త్రి గోడకి చేరగిలబడి విన్నాడు. అతని చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. ఒక వైపు ఒకే స్వరం, రెండో వైపు దానికి కాస్త పైన. తన పెళ్లాం చేతుల్లోంచి వస్తున్నది తన చప్పుడు.

"బాగుందా?" అందామె చివరికి, మెడ విరుచుకుంటూ.

"ఫరవాలేదు," అన్నాడు. అతను ఎవరి చక్రాన్నైనా మెచ్చుకుంటే అంతే మెచ్చుకుంటాడు. ఆమెకది తెలుసు కాబట్టి నవ్వింది.

సాయంత్రం ఎండ ఉండగానే అతను మెత్తని గుడ్డ తీసుకుని, ఒక్కొక్క స్పోకునీ వేళ్లతో చుట్టి పట్టుకుని పైనుంచి కిందదాకా శ్రద్ధగా తుడిచాడు. తనకి మిగిలిన పని అదొక్కటే. మాసిన ఉక్కు స్పోకు మీద బూడిదరంగు దారం కంటికి ఆనలేదు. ముడి మీదుగా వేళ్లు వెళ్లాయి. వేళ్లు ఏమీ చెప్పలేదు.

*

మర్నాడు చక్రం తగిలించి, డిస్కు బిగించి, హ్యాండిల్ దించి, సీటు జరిపి, ఫోర్కులో గాలి నింపేసరికి మధ్యాహ్నమైంది. సైకిలు ముక్కు కాస్త పైకెత్తి, ఎవరినో నిలదీయడానికి బయల్దేరినట్టుంది. పొడుగాయన వచ్చి చక్రాన్ని తిప్పి, అది ఊగకుండా నిలకడగా తిరుగుతుంటే నోరు తెరుచుకుని చూశాడు.

"మేస్త్రీ, మీ చేతుల్లో ఏదో ఉందండీ."

"కొన్నాళ్లు తొక్కాక ఒకసారి తీసుకురండి సార్. కొత్త చక్రం కదా, స్పోకులు సర్దుకుంటాయి. మళ్లీ బిగించాలి."

యజమాని లేచి వచ్చి, అలవాటు ప్రకారం సైకిల్ని నిమిరాడు. హ్యాండిల్, ఫోర్కు, ముందు చక్రం. చక్రం మధ్యలో అరచెయ్యి ఆగింది. వంగి చూశాడు. గోళ్లతో ఏదో గిల్లి తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. "దివ్యంగా ఉంది, వెళ్లిరండి," అన్నాడు పొడుగాయనతో.

సాయంత్రం దాకా తన పనులు తను చూసుకున్నాడు. షట్టరు సగం దించాక మేస్త్రి బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి తీసింది బల్ల మీద పెట్టాడు. బూడిదరంగు దారం ముక్క, మధ్యలో ముడి.

"సైకిలు మేస్త్రి గాలి కన్నం దగ్గర మొదలెడతాడు. దారం కట్టుకుని మొదలెట్టేది దర్జీవాళ్లు, మీ ఇంట్లో చెల్లెమ్మలా," అన్నాడు నెమ్మదిగా. "ముడి తగిలినా తెలీలేదంటే, నీ వేళ్లు మొద్దుబారి ఎన్నాళ్లయింది?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాడు కాబోలని పానాల వంక ఒకసారి చూసుకున్నాడు.

యజమాని అరవలేదు. అరిస్తే బాగుండేది. పీట లాక్కుని, ఇంట్లో మనిషిలా పక్కన కూర్చున్నాడు. "నేను నిన్ను వదులుకోను మేస్త్రీ. ఈ షాపుకి పేరు నీది. చెల్లెమ్మని రమ్మను. టైర్లు వేలాడే వెనక గదిలో కూర్చుని చక్రాలు చేస్తుంది. నువ్వు ఇక్కడే, నీ పీట మీదే. వచ్చినవాళ్లతో మాట్లాడు, చేయించు, అందించు. జీతం ఇప్పుడున్నదే, వెళ్లేది ఒకే ఇంటికి కదా. ఒక్క మాట. చక్రం ఆడమనిషి చేసిందని బయట అనకు. కొండ దిగేవాడు ప్రాణం దాని మీద పెడతాడు. ఊరికే భయపడతాడు."

మేస్త్రి తల ఊపాడు. అంత త్వరగా ఊపినందుకు దారి పొడుగునా తన్ను తాను తిట్టుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఆమె అంతా విని, ప్యాంటు అంచు కుట్టడం పూర్తిచేసి, దారం తెంపింది.

"ఇద్దరి పనికి ఒకరి జీతం."

"కాదంటే ఆ ఒక్కటీ ఉండదు."

"తెలుసు. వస్తాను." ఆమె మిషను మీద ముసుగు వేసింది. అతని వైపు చూడకుండా అడిగింది. "ఆ పొడుగాయన చక్రం బాగుందన్నాడా?"

"మీ చేతుల్లో ఏదో ఉందన్నాడు."

"ఎవరి చేతుల్లో?"

మేస్త్రి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. ఏ పొట్టకి ఎంత వదులు చేసిందో జీవితమంతా దాచిన మనిషికి, ఒక్కసారి తన పని తనదని ఎవరైనా అంటే వినాలనిపించింది. అది అడిగి పుచ్చుకునేది కాదు కాబట్టి అడగలేదు.

*

వెనక గదిలో కిటికీ లేదు. పైనుంచి టైర్లు వేలాడుతుంటాయి, రబ్బరు వాసన ముక్కు పగలగొడుతుంది. ఆమె బల్బు కింద కూర్చుని చక్రాలు అల్లేది, బెండులు తీసేది. యజమాని చెప్పాడని దారం కట్టడం మానేసి, కన్నం వెతుక్కోవడం నేర్చుకుంది. మేస్త్రి ముందర పీట మీద కూర్చునేవాడు. ఎవరైనా చక్రం తెస్తే తీసుకుని, కనుబొమలు ముడిచి తిప్పి చూసి, "సాయంత్రానికి చేసిస్తాను," అనేవాడు. వెనక్కి పట్టుకెళ్లి ఆమెకిచ్చి, అయ్యాక తెచ్చి ఇచ్చేవాడు. వాళ్లు దండం పెట్టినంత పని చేసి వెళ్లేవారు. లోపలినుంచి స్పోకులు పలికే చప్పుడు సన్నగా వినపడేది. ఎవరైనా తలెత్తి వింటే మేస్త్రి గట్టిగా దగ్గేవాడు.

తాళాల ఆయన ఒకరోజు, "ఈమధ్య నీకు పని తగ్గి పేరు పెరిగినట్టుందే," అన్నాడు ఊరికే. మేస్త్రి ఆ పూట క్యారేజీ తెరవలేదు.

పొడుగాయన చెప్పిన ప్రకారం వచ్చాడు. సైకిలుకి మట్టి కొట్టుకుపోయి ఉంది, ఆయన మోచేతులూ అలాగే ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. "అద్భుతం మేస్త్రీ! ఆ పెద్ద రాళ్ల దిగుడు తెలుసుగా, ఇదివరకు దిగి నడిపించుకునేవాణ్ని. ఇప్పుడు కళ్లు మూసుకుని దిగిపోయాను. బిగించండి, ఇక్కడే కూర్చుంటాను."

మేస్త్రి చక్రం విప్పి వెనక గదిలోకి పట్టుకెళ్లాడు. ఆమె చక్రాన్ని గుర్తుపట్టింది. కొంగుతో దాని మట్టి తుడిచి స్టాండుకి ఎక్కించింది. పిల్లాడు బడినుంచి దెబ్బలతో వస్తే చూసినట్టు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మేస్త్రి అక్కడ నిలబడలేక ముందుకి వచ్చేశాడు.

"మీరు చేయరా?" అన్నాడు పొడుగాయన ఆశ్చర్యంగా.

కౌంటరు దగ్గర యజమాని తలెత్తాడు. ఎప్పటిలా ఏదో ఒకటి అని తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక మీదే ఉంది. లోపల స్పోకు పలికింది, దాని పక్కది పలికింది, ఒకే స్వరం.

"అది చేసేది మా ఆవిడ సార్," అన్నాడు మేస్త్రి. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మొదట అల్లిందీ ఆవిడే. బెండు తీసిందీ ఆవిడే. నా వేళ్లు పోయాయి. నేను దాన్ని తుడిచానంతే."

లోపల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి ఏమైనా కానీ అనుకున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లు తేలికపడ్డట్టనిపించింది.

పొడుగాయన మొహంలో వెలుగు నెమ్మదిగా తగ్గింది. కళ్లు మూసుకుని దిగిన దిగుడు ఇప్పుడు ఆయనకి కళ్ల ముందు కనపడుతున్నట్టుంది. చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"అలాగా. మంచిదే, మంచిదే. ఆవిడ ఇంతకుముందు..."

"బట్టలు కుట్టేది."

"ఓహో." ఆయన మోచేతి మీద ఎండిన మట్టి గోకాడు. "పని బాగుంది, కాదనను. కానీ మేస్త్రీ, ఏమీ అనుకోకండి. బిగించడం అయ్యాక ఒకసారి మీ చేత్తో చూసి ఇవ్వండి. నా తృప్తి కోసం."

"నా వేళ్లు పోయాయని చెప్పాను కదా సార్."

"అయినా మీ చెయ్యి మీ చెయ్యే."

"చూసివ్వు మేస్త్రీ, దానికేం భాగ్యం," అన్నాడు యజమాని కౌంటరు దగ్గర్నుంచి. యజమానికి కోపం కూడా రాలేదు. నిజం బయటపడినా తన షాపుకి వచ్చే నష్టమేమీ లేదని తేలిపోయాక కోపం దేనికి?

ఆమె చక్రం పట్టుకుని బయటికి వచ్చింది. అన్నీ వినే ఉంటుంది. పొడుగాయన లేచి నిలబడి, "నమస్కారమమ్మా," అన్నాడు. ఆమె నమస్కారం పెట్టి, చక్రాన్ని భర్త ముందు పెట్టి, స్పోకు కీ అతని అరచేతిలో ఉంచి, పక్కకి నిలబడింది.

మేస్త్రి బల్ల ముందు గోనెపట్టా లాక్కుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేళ్లు స్పోకుల మీద పెట్టాడు. ఉక్కు చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా తెలియలేదు. తల పక్కకి వంచి, ఒక్కొక్కదాన్నీ నొక్కుతూ, అక్కడక్కడా కీ ఆనించి తిప్పకుండా తీసేస్తూ, ఒకప్పుడు నిజంగా ఎలా చేసేవాడో అలాగే చేసుకుంటూ చక్రం చుట్టూ వచ్చాడు. పొడుగాయన వంగి చూశాడు. యజమాని చూశాడు. ఆమె వీధి వైపు చూస్తూ నిలబడింది, అతను కసురుకున్నప్పుడు కిటికీలోంచి చూసినట్టే.

"బాగుంది," అన్నాడు మేస్త్రి.

"హమ్మయ్య." పొడుగాయన మొహం మళ్లీ విప్పారింది. "ఇప్పుడు ధైర్యంగా ఉంది."

చక్రం తగిలించుకుని, బ్రేకు నొక్కి చూసుకుని, ఇద్దరికీ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. పెద్ద చక్రం ముందు, చిన్న చక్రం వెనక, వీధి మలుపు తిరిగిపోయాయి.

మేస్త్రి లేవబోయి ఆగి, స్పోకు కీ కోసం వెతికాడు. గోనెపట్టా ఎత్తి చూశాడు. బల్ల కింద చూశాడు. పీట జరిపి చూశాడు.

"మీ చేతిలోనే ఉంది," అందామె.

వంగి, అతని వేళ్లు విప్పి, కీ తీసుకుని, టైర్ల వెనక్కి వెళ్లిపోయింది.